మోతీబాయి ఆరు గింజలు

పోచంగుట్ట తండాలో ఎవరైనా "ఓటేస్తే ఏమొస్తది?" అని పెదవి విరిచారంటే ఇక ఆ పూటకు వాళ్ల పనులు సాగినట్టే! మోతీబాయి చేతిలో ఉన్నది పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెడుతుంది. మధ్యలో లేచిపోదామంటే కుదరదు. పైగా ఈ కథలో దొంగ ఎవరో ఆమె ముందే చెప్పేస్తుంది. దొంగను నేనే అంటుంది. అలా అన్నాక ఎవరు మాత్రం లేచిపోతారు?

మొన్నటి డిసెంబరు దాకా ఆ పెదవి విరుపు ఆమెదే. తండాలో అందరికంటే గట్టిగా, అందరికంటే ముందు ఆ మాట అన్నది బానోతు మోతీబాయే. యాభై ఎనిమిదేళ్ల మనిషి. భర్త దస్రు పోయి పన్నెండేళ్లయింది. కొడుకు, కోడలు హైదరాబాదులో మేడలు కట్టే పనికి పోతే మనవరాలు లతను తనే పెంచి డిగ్రీ దాకా చదివించింది. మిరపకాయలు ఏరే కాలంలో నలభై మంది ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. చేను గట్టు మీద నిలబడి, ఏ సాలు ఎవరు ఏరాలో వేలు చూపించి చెబుతుంది. కాయ ఎక్కువున్న సాలు ఒకరికి, తక్కువున్నది ఒకరికి పడకుండా పంచడంలో ఆమెకు ఆమే సాటి. మోతీ పంచిందంటే మళ్లీ ఎవరూ నోరెత్తరు. ఆ పేరు ఆమెకు ఒంటిమీది వెండి కంటే ఎక్కువ.

డోర్నకల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కితే అరగంటలో తండా వస్తుంది. చిన్న గుట్ట వాలు మీద రెండు వాడలు. దిగువన ఉన్నది కింది వాడ, ఎగువన ఉన్నది మీది వాడ. అందరూ లంబాడీలే, ఇళ్లల్లో గోర్‌బోలీలోనే మాట్లాడుకుంటారు. వాళ్ల మాటలు ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం, అంతే. నీళ్ల ట్యాంకు గుట్ట మొదట్లో ఉంది. ఇంటింటికీ నల్లా పెట్టారు, అబద్ధం చెప్పకూడదు. కాకపోతే కింది వాడ నల్లాల్లో నీళ్లు వస్తాయి, మీది వాడ నల్లాల్లో గాలి వస్తుంది. ఉదయాన్నే తిప్పితే కాసేపు బుసకొట్టి ఊరుకుంటాయి. మీది వాడకు వేరే పైపు, వేరే వాల్వు వేస్తే ఎక్కుతాయని లైనుమన్ మొదలు చదువుకున్న పిల్లల దాకా అందరికీ తెలుసు. వెయ్యాల్సింది పంచాయతీ. పంచాయతీ అంటే సర్పంచ్. సర్పంచ్ చూస్తే కింది వాడ మనిషి.

మోతీ ఇల్లు మీది వాడలో కూడా చిట్టచివరిది, గుట్ట నెత్తిన ఉన్నట్టుంటుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నలభై ఏళ్లు దిగువ బోరింగు దగ్గర్నుంచి బిందె మీద బిందె పెట్టుకుని ఎక్కింది. ఇప్పుడు కుడి మోకాలు అరిగిపోయింది. మహబూబాబాద్ దవాఖానలో డాక్టరు ఫోటో తీసి చూసి, ఇక బరువులు మొయ్యొద్దన్నాడు. మరి నీళ్లు ఎవరు మోస్తారో ఆయన చెప్పలేదు. ఇంకో రెండేళ్లు ఇలాగే ఎక్కితే మంచాన పడతానని ఆమెకు తెలుసు. మంచాన పడితే మిరప చేను లేదు, గుంపు లేదు, లత పెళ్లి దాకా నెట్టుకురావడం లేదు.

ఓటంటే ఆమెకు నమ్మకం లేకపోవడం ఊరికే రాలేదు. తండా పక్క ఊరి పంచాయతీలో కలిసి ఉన్నప్పుడు తండావి మూడు వందల ఓట్లు, ఊరివి పదిహేను వందలు. తండా మొత్తం ఒక్క మనిషికి గుద్దినా ఊరి మనిషే గెలిచేవాడు. గెలిచినవాడు ఓట్లు ఎక్కువున్న వైపే చూసేవాడు. తర్వాత తండాయే పంచాయతీ అయింది. ఇక మన రాజ్యమే అని మోతీ కూడా డప్పు ముందు ఆడింది. తీరా ఎన్నికలు వస్తే, కింది వాడలో ఉండే తండా పెద్ద ప్రేమ్‌సింగ్ నాయక్ మగవాళ్లను కూర్చోబెట్టి, కొట్లాటలెందుకు ఏకగ్రీవం చేసుకుందాం అని తన తమ్ముడిని నిలబెట్టాడు. ఆ ఏడు తండాలో సర్పంచ్ ఓటే పడలేదు. పెద్ద ఎన్నికలు వచ్చినప్పుడల్లా మెషిన్ మీద బటన్ నొక్కింది, పీక్ అన్నది, బయటికి వచ్చింది. నలభై ఏళ్లలో ఆమె వేసిన ఓటు వల్ల ఆమె బిందె ఒక్క మెట్టు కూడా తేలిక కాలేదు.

"ఓటేస్తే ఏమొస్తది? ఏలుకు సిర అంటుతది. గది సుత నాలుగు రోజుల్ల పోతది," అనేది.

మొన్నటి డిసెంబరులో సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చింది. కింది వాడ నుంచి ప్రేమ్‌సింగ్ కోడలు నామినేషన్ వేసింది. మీది వాడ నుంచి ఒకరు కాదు, ముగ్గురు వేశారు. మహిళా సంఘం లీడర్ కమల, ఆఫీసర్ల ముందు బెదరకుండా మాట్లాడే మనిషి. ఆటో నడిపే హన్మంత్ భార్య దీప, ఇంటర్ చదివిన పిల్ల. మూడోది భద్రి. భద్రి మోతీకి తోడికోడలు, దస్రు తమ్ముడి భార్య. నోరు పెద్దది. లైనుమన్‌నైనా రేషన్ డీలర్‌నైనా నిలేసి పని చేయించుకునే రకం.

మోతీ, భద్రి మాట్లాడుకుని పదకొండేళ్లు. బోరింగు దగ్గర వంతు కోసం గొడవపడి భద్రి ఆమె బిందెను లాగి పక్కన పెట్టింది. అది కాస్తా దొర్లి గుట్ట కిందికంటా పోయింది. దస్రు పోయిన ఏడాదికి జరిగిన సంగతి అది. మొగుడు లేడనే కదా ఇంత అలుసు అని మోతీ మనసులో పడింది. అంతే, ఆ రోజు నుంచి ఎదురుపడితే ఒకరు అటు, ఒకరు ఇటు.

లెక్క చూస్తే మీది వాడకు ఓట్లు కొంచెం ఎక్కువే. కానీ ముగ్గురు నిలబడితే అవి మూడు ముక్కలవుతాయి, కింది వాడవి ఒకటే ముద్దగా పడతాయి. అంటే ఇంకో అయిదేళ్లు గాలే. ఎవరో ఒకరే నిలబడాలి, మిగతా ఇద్దరు కాగితం వెనక్కి తీసుకోవాలి. ఎవరు? మగవాళ్లను అడిగితే మళ్లీ సీసాలు తెరిచి కూర్చుంటారని ఆడవాళ్లే ఒక ఆదివారం మధ్యాహ్నం కమల వాకిట్లో చేరారు. డెబ్భై నలుగురు. మనలో మనం ఓటేసి తేల్చుకుందామన్నారు. ఓడినవాళ్లు మారుమాట లేకుండా తప్పుకోవాలని ముగ్గురి చేతా తల మీద చెయ్యి పెట్టించారు. ఓటింగు చూసే పెద్ద ఎవరంటే అందరూ ఒక్క నోటితో మోతీ పేరే చెప్పారు.

రెండు మంచాలు నిలబెట్టి, దుప్పటి కప్పి చాటు చేశారు. లోపల మూడు చెంబులు పెట్టారు. చదువు రానివాళ్లు గుర్తుపట్టడానికి కమల చెంబుకు ఎర్ర గుడ్డ, దీప చెంబుకు గాజు, భద్రి చెంబుకు పూసల దండ కట్టారు. మనిషికి ఒక మొక్కజొన్న గింజ. నచ్చినవాళ్ల చెంబులో వేసి రావాలి.

అందరూ వేశాక చెంబులు బోర్లించి లెక్కపెడితే గింజలు రెండు వందల ఐదు తేలాయి! ఓటర్లు డెబ్భై నలుగురు.

లత నెత్తి పట్టుకుంది. "ఎవరే దొంగ ఓట్లేసింది?"

ఎవరూ దొంగ ఓటు వెయ్యలేదు పాపం. ఆ తండాలో ఒక పద్ధతుంది. ఇంటి ముందు మూడు గిన్నెలు పెట్టి ఉంటే, ఒకదాంట్లో పోసి మిగతావి వట్టిగా వదలరు. ఎవరి గిన్నె వట్టిగా వదిలితే వాళ్ల ఇల్లు చెడాలని కోరుకున్నట్టు. పెళ్లిలోనూ, చావులోనూ అంతే. లోపలికి వెళ్లి చూస్తే మూడు చెంబులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒకదాంట్లో గింజ వేసి మిగతా ఇద్దరు ఆడబిడ్డల చెంబులు వట్టిగా ఎట్లా వదిలి వస్తారు? ప్రతి వాకిట్లో మక్కలు, అదే మొక్కజొన్నలు, ఎండుతూనే ఉన్నాయి. కొంగున నాలుగు గింజలు వేసుకుని వచ్చి, చెంబుకొకటి వేసి, మర్యాద దక్కించుకుని వచ్చారు.

"గిట్లయితే ఓటెందుకే? మూడు చెంబులకు దండం పెట్టుకుంట పోరాదు!" అని లత కసిరింది. ముసలివాళ్లు మాత్రం మొండికేశారు. వట్టి చెంబు వదిలేది లేదన్నారు.

అప్పుడు లతకే ఉపాయం తట్టింది. తండా ఆడపిల్లల్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు వచ్చిన మొదటిది ఆమె. నిరుడు ఆ ఓటు వేసి వచ్చి వారం రోజులు అదే చెప్పింది. అక్కడ ముద్ర గుద్దరు, బటన్ నొక్కరు. పేర్ల ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వెయ్యాలి. మనకు బాగా నచ్చినవాళ్లు ఒకటి, వాళ్లు కాకపోతే ఎవరో వాళ్లు రెండు. మొదటివాళ్లు ఓడిపోయి పక్కకు పోతే మన ఓటు చెత్తబుట్టలో పడదు, రెండోవాళ్లకు వెళుతుంది.

"గట్లనే మనం సుత ఏద్దాం," అంది లత. "మనిషికి ఆరు గింజలు. బాగా ఇష్టమున్నోళ్లకు మూడు, తర్వాతోళ్లకు రెండు, ఆఖరోళ్లకు ఒకటి. ఏ చెంబూ వట్టిగ ఉండది. సరేనా అవ్వా?"

వాకిలంతా తేలికపడింది. ఇదేదో మన పెళ్లి పంపకంలా ఉందే అని నవ్వుకున్నారు. ఇంటి మక్కలు కలవకుండా లత గింజలకు పసుపు పూసింది. ఒక్కొక్కరి చేతిలో ఆరు లెక్కపెట్టి పెట్టే పని మోతీదే.

అందరూ వేశాక చివరి ఓటు మోతీది. దుప్పటి చాటుకు వెళ్లింది. మూడు గింజలు కమల చెంబులో వేసింది. కమల అంటే ఆమెకు గురి. ఇంకో రెండు దీపకు, ఒకటి భద్రికి వెయ్యాలి. ఆ ఒక్క గింజ పట్టుకుని పూసల దండ కట్టిన చెంబు మీదికి చెయ్యి చాపింది. చెయ్యి ముందుకు పోలేదు. పదకొండేళ్ల కిందట గుట్ట కిందికి దొర్లిపోయిన బిందె గుర్తొచ్చింది. ఇంత పెద్ద వాకిట్లో ఒక్కదాని గింజలతో ఏం మారుతుందిలే అనుకుంది. జన్మంతా అనుకున్న మాటే కదా. మిగిలిన మూడు గింజలూ కమల చెంబులోనే వేసి, ముక్కు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

లెక్కపెట్టారు. మొత్తం నాలుగు వందల నలభై నాలుగు, సరిగ్గా సరిపోయాయి. దీపకు నూట ఇరవై ఒకటి. భద్రికి నూట అరవై. కమలకు నూట అరవై మూడు.

మూడు గింజల తేడాతో కమల గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. భద్రి గొడవ పెడుతుందనుకున్నారంతా. పెట్టలేదు. లేచి, కొంగు దులుపుకుని, "మాటంటే మాట. రేపు పోయి నా కాయితం ఎనక్కి తీసుకుంట," అని ఇంటికి వెళ్లిపోయింది.

మోతీకి చెంబులు తోముతుంటే లెక్క తనంతట తనే వచ్చింది. ఆమెకు చదువు రాదు గానీ వేళ్ల కణుపుల మీద లెక్క తప్పదు. తను వెయ్యాల్సినట్టు వేసి ఉంటే కమలకు మూడు తగ్గేవి. నూట అరవై. భద్రికి ఒకటి పెరిగేది. నూట అరవై ఒకటి. మళ్లీ కణుపులు లెక్కపెట్టింది. మళ్లీ అంతే. గెలిచింది భద్రి. ఓడించింది తను.

మరునాడు పొద్దున గుంపుతో మిరప చేనుకు వెళ్లింది. తొలి ఏరుడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గట్టు మీద నిలబడి రెండో చేను సాళ్లు పంచుతుంటే ఓ ముసలామె, "నువ్వు పంచితే ఎవరికీ ఎక్కువ తక్కువ ఉండది మోతీ, నీ చెయ్యి చల్లగుండ," అంది. మామూలుగా అన్న మాటే. ఏటా అనే మాటే. మోతీ చూపుడు వేలు గాలిలోనే ఆగిపోయింది. ఆ మాట ఆమెను పొడిచినంతగా చెప్పుతో కొట్టినా పొడిచేది కాదు. కాగితాలు వెనక్కి తీసుకోవడానికి ఆ రోజు మూడు గంటల దాకే గడువు. సాళ్లు సగం పంచి, మిగతా సగం మీరే చూసుకోండని రోడ్డు పట్టింది.

నామినేషన్లు తీసుకునేది పక్క ఊరి పంచాయతీ ఆఫీసులో. ఆటో దొరకలేదు. అరిగిన మోకాలితో మూడు కిలోమీటర్లు నడిచింది. వెళ్లేసరికి రెండున్నర అవుతోంది. వరండాలో బెంచీ మీద ముగ్గురూ ఉన్నారు. దీప సంతకం పెట్టి వచ్చేసింది. భద్రి కాగితం చేతిలో పట్టుకుని పిలుపు కోసం కూర్చుంది. పక్కన కమల.

మోతీ పదకొండేళ్లలో మొదటిసారి భద్రి ముఖం చూసి మాట్లాడింది.

"సంతకం పెట్టకు భద్రీ. గెల్సింది నువ్వు."

"ఏంది?"

"నేను తప్పు ఏసిన. ఆరుకు ఆరు కమలకే ఏసిన. నీ చెంబుల ఒక్క గింజ సుత ఎయ్యలే. పెట్టుకున్న రూల్ పెద్దమనిషినయి ఉండి నేనే తప్పిన. సరిగ ఏసుంటే నీకు ఒక్కటి ఎక్కువొచ్చేది."

భద్రి ముందు అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక ఆఫీసు గోడలు అదిరేలా లేచింది. "దొంగదానా! వట్టి చెంబు ఇడిసినవా నాకు? నీ మరిది ఇల్లు అది! నీ దస్రు తమ్మునిది! ఎంత కడుపుమంటే నీకు!" అని ఐదు నిమిషాలు ఆపకుండా తిట్టింది. లోపలి నుంచి ఆఫీసర్ తొంగి చూశాడు. మోతీ తల వంచుకుని నిలబడింది. నిజమే అంటోంది ప్రతి తిట్టుకూ. తిట్లు అయిపోయాక భద్రి బెంచీ మీద కూలబడి, ముఖం కొంగులో పెట్టుకుని ఏడ్చింది. భద్రి ఏడవడం ఆ తండాలో ఎవరూ చూడలేదు.

"టైం అయితుందమ్మా. ఎవరు విత్‌డ్రా అయితరో జల్ది చెప్పున్రి," అన్నాడు ఆఫీసర్.

నిన్నటి నుంచి కమలను వాడ మొత్తం సర్పంచమ్మ అని పిలుస్తోంది. ఆమె భర్త పాంప్లెట్లకు చెప్పి వచ్చాడు కూడా. ఇప్పుడు ఎవరూ ఆమెను బలవంతం చెయ్యలేరు. మోతీ ఒక్కదాని మాట తప్ప సాక్ష్యం లేదు. కమల గట్టిగా పట్టుకుంటే మోతీ మాట గాలికి పోయేది.

"నాకు పడని గింజలతోటి గెలిస్తే ఆ నీళ్లు నాకు గొంతు దిగయి పెద్దమ్మా," అంది కమల చివరికి. కళ్లు తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి, తన కాగితం అడిగి సంతకం పెట్టింది. మూడు కావడానికి పది నిమిషాలుంది.

ఆ సంతకం తలుచుకున్నప్పుడల్లా మోతీ ఇప్పటికీ కమల ఇంటి వైపు తిరిగి దండం పెడుతుంది. తన తప్పును ఆ పిల్ల తన నష్టంతో కడిగేసిందని అంటుంది. అది అతిశయోక్తి కాదు.

తప్పుకు శిక్ష మాత్రం తప్పలేదు. ఆ సాయంత్రం మీది వాడ ఆడవాళ్లందరి ముందూ మోతీ మళ్లీ మొత్తం చెప్పింది. అందరూ నోరు నొక్కుకున్నారు. ఈ ఏడు మిరప సాళ్లు మోతీ పంచకూడదు, దీప పంచుతుంది అని తీర్పు చెప్పారు. ఆమెకు అంతకంటే పెద్ద శిక్ష ఉండదని వాళ్లకు తెలుసు. తల వంచి ఒప్పుకుంది. ఆ సీజనంతా దీప వేలు చూపించిన సాలులోకి వెళ్లి, నోరెత్తకుండా ఏరింది.

కింది వాడవాళ్లకు ఈ కథ తెలిసి నవ్వులే నవ్వులు. "గింజలు లెక్కపెట్టుడు రానోళ్లు పంచాయతీ ఏం నడుపుతరు?" అన్నాడు ప్రేమ్‌సింగ్. నవ్వితే నవ్వారు గానీ, మీది వాడలో ఇప్పుడు ఒక్కతే నిలబడిందన్న సంగతి వాళ్లకూ గుండెల్లో గుచ్చుకుంది. ఇంటింటికీ తిరిగి బంధుత్వాలు తవ్వి తీశారు. గెలుపు ఖాయమని ఎవరూ చెప్పలేకపోయారు. మీది వాడ ఓట్లలో నలభై దాకా హైదరాబాదులో, సూరత్‌లో పనుల మీద ఉన్నాయి. అవి రాకపోతే కథ కంచికే.

వాటిని రప్పించింది కమల. సంఘం పుస్తకంలో ఉన్న ఫోన్ నంబర్లన్నిటికీ చేసింది. బతిమాలింది, కసిరింది. పోలింగ్ రోజు తెల్లవారుతుండగా డోర్నకల్ స్టేషన్‌లో నిలబడి, రైలు దిగినవాళ్లను దిగినట్టు హన్మంత్ ఆటోలో ఎక్కించి పంపింది. అందులో మోతీ కొడుకు, కోడలు కూడా ఉన్నారు. తను నిలబడని ఎన్నిక కోసం చలిలో అంతసేపు నిలబడింది ఆ పిల్ల.

ఒంటిగంట దాకా పోలింగ్. మోతీ తొమ్మిదింటికే లైనులో నిలబడింది. తెల్ల కాగితం వార్డు మెంబరుకు, గులాబీ కాగితం సర్పంచ్‌కు. భద్రి గుర్తు కత్తెర. జీవితంలో ఎన్నోసార్లు ముద్ర గుద్దింది గానీ ఆ రోజు గుద్దే ముందు గుర్తును రెండుసార్లు చూసుకుంది. తన ఒక్క ఓటు ఏం చెయ్యగలదో ఇప్పుడు ఆమెకు తెలుసు. వాకిట్లో డెబ్భై నలుగురిలో ఒక్కతే ఫలితాన్ని తలకిందులు చేసింది కదా. కత్తెర మీద గుద్ది, సిరా అంటుకోకుండా ఊది, జాగ్రత్తగా మడిచి పెట్టెలో వేసింది. భద్రికి వేశానన్న సంతోషం కంటే, సరిగ్గా వేశానన్న తృప్తి ఎక్కువ కలిగింది. ఇన్నాళ్లూ ఓటును చిన్నచూపు చూసినందుకు మనసులోనే చెంపలు వేసుకుంది.

రెండింటికి బడిలో లెక్కింపు మొదలైంది. కిటికీల దగ్గర తండా అంతా వేలాడింది. పోలైనవి మూడు వందల తొంభై ఆరు. చెల్లనివి ఐదు. ఎవరూ వద్దని నోటాకు పడ్డవి మూడు. ప్రేమ్‌సింగ్ కోడలికి నూట ఎనభై ఏడు. భద్రికి రెండు వందల ఒకటి.

పద్నాలుగు ఓట్లు. రైలు దిగినవాళ్లు రాకపోయినా, మీది వాడలో ఇద్దరు నిలబడినా ఈ పద్నాలుగు ఉండేవి కావు. మోతీ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కమల వచ్చి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

భద్రి గెలిచింది, బాగుంది. మోతీకి మాత్రం లోలోపల ఒక భయం మిగిలింది. మీది వాడకు పైపు వేస్తే వేస్తుంది గానీ, కొసన ఉన్న ఒక్క ఇంటికి ఎందుకు వేస్తుంది? భద్రి స్థానంలో తను ఉంటే వేసేదా? పదవి వచ్చాక కూడా భద్రి ఎదురుపడితే పలకరింపు ఏమీ లేదు. భద్రి ఆఫీసుల చుట్టూ తిరిగింది, మండలంలో కూర్చుంది, ఎవరెవరి మీదనో అరిచింది. శివరాత్రి ముందు మీది వాడ మొత్తం కాలువ తవ్వి కొత్త పైపు పరిచారు. మోతీ వాకిట్లోకి కూడా పైపు వచ్చింది. అంత ఎత్తుకు నీళ్లు ఎక్కుతాయో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

వాల్వు తిప్పే రోజు పొద్దున్నే భద్రి ఒక్కతే గుట్ట ఎక్కి మోతీ వాకిట్లోకి వచ్చింది. నేరుగా నల్లా దగ్గర కూర్చుని తిప్పింది. నల్లా బుసకొట్టింది.

మోతీ కుర్చీ తెచ్చి వేసింది. భద్రి కూర్చోలేదు.

"నీ మీద ప్రేమతోని రాలే," అంది నల్లా వైపే చూస్తూ. "నీ ఇల్లు అన్నిటికంటె ఎత్తు. గిక్కడికి ఎక్కితే అందరికీ ఎక్కినట్టే."

"నాకు ఎరుకనే."

నల్లా ఇంకా గాలే వదులుతోంది. కాసేపటికి భద్రి గొంతు మారింది.

"ఆ దినం నువ్వు రాకపోతే సంతకం పెట్టి ఇంటికి పోదును అక్కా. ఈ వాడల నేనంటే ఎవరికీ పడదు అనుకుంటనే సచ్చేదాన్ని. తిట్టిన గని, మల్ల ఇంటికి పోయినంక అనిపించింది. నన్ను ఓడగొట్టింది నువ్వే, నేను ఓడలేదని వచ్చి చెప్పింది సుత నువ్వే. మోకాలు పట్టుకోని నడిసొచ్చినవ్."

అప్పుడే నల్లా దగ్గినట్టు రెండుసార్లు చప్పుడు చేసి, ఎర్రమట్టి నీళ్లు కక్కి, ఆ వెంటనే తెల్లని ధార వదిలింది. గుట్ట నెత్తిన, నలభై ఏళ్లకు. కింద ఇళ్లల్లోంచి ఒక్కొక్కరూ కేకలు పెడుతున్నారు. మోతీ ధార కింద రెండు చేతులూ పెట్టి, ఆ నీళ్లు ముఖానికి కొట్టుకుని, ఏడుస్తూ భద్రి చేతులు పట్టుకుంది.

"నీ దయ తల్లీ. నీ కాళ్లు మొక్కుత. నీ దయవల్ల..."

"ఏయ్, నా దయేంది?" అని భద్రి చేతులు విడిపించుకుంది. "రెండు వందల ఒక్కమంది ఓట్లేసిన్రు, నీళ్లొచ్చినయ్. బిందె పెట్టు ముందు, పారిపోతున్నయ్."